పులిమట్ట ఊపిరి

గుండ్లకుంటకు దారి లేదు. గోపన్‌పల్లి దాటాక బండ్ల బాట యూనివర్సిటీ ప్రహరీ దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి ముళ్ల కంపలూ సీతాఫలం చెట్లూ తప్పించుకుంటూ గుట్ట ఎక్కాలి. పైన ఏనుగులంతటి రెండు బండలు ఒకదానికొకటి ఒరిగి ఉంటాయి. వాటి సందులోకి పక్కకు తిరిగి, కడుపు లోపలికి పీల్చుకుని దూరాలి. మా అన్న ముందు గాలపు కర్రలు తోసి, తర్వాత తను దూరేవాడు. వెనక నేను, ఒక చేతిలో ఎర కప్పల డబ్బా, ఇంకో చేతిలో సద్ది గిన్నె.

సందు దాటితే కింద నీళ్లు. చుట్టూ నిలువు రాళ్లు, నడుమ పాకుడు రంగు నీళ్లు. అంత ఎండలో కూడా ఆ కుంట చల్లగా, కదలకుండా ఉండేది.

అది తొంభై ఎనిమిది ఎండాకాలం. ఇంటర్ పరీక్షలు రాసి, కడప జిల్లాలోని మా ఊరి నుంచి అన్నావదినల దగ్గరికి వచ్చాను. మా అన్న ఓబులేసు పని మందు పెట్టి బండలు పేల్చడం. హైటెక్ సిటీ వైపు వేస్తున్న వెడల్పు రోడ్డుకు అడ్డమొచ్చిన బండలన్నీ అతని చేతి మీదే పోయేవి. వారమంతా రాళ్లు పగలగొట్టి, ఆదివారం వెళ్లి రాళ్ల మధ్యే కూర్చునేవాడు.

"మీ సీమల తాగనీకె నీళ్లు లేవంటరు. నీకు చేపలేందిరా ఓబులేసూ?" అనేది రత్నమ్మ. ఆమె ఇంటి వెనక గదిలోనే మేం కిరాయికి ఉన్నది. నిజానికి అన్నకు గాలం వేయడం నేర్పింది ఆమె భర్తే. ఆయన పోయాక ఆ కర్రలు అన్నకిచ్చింది.

"ఆ కుంటకు వాగు లేదు, కాలవ లేదు. చేపలు ఎట్టొచ్చినాయి పెద్దమ్మా?" అని ఒకసారి అడిగాను.

"మా ఆయన తెచ్చిండు బిడ్డా. ఇంతింత పిల్లలు. కుండల నీళ్లు వోసి, నెత్తి మీద వెట్టుకొని గా గుట్ట ఎక్కిండు. పిచ్చోడని ఊరంత నవ్వింది. రెండేండ్లకు నవ్వినోళ్లే గాలాలు వట్టుకొని వోయిన్రు."

అట్లా పోసిన చేపల్లో ఒకటి ఎవరికీ చిక్కకుండా పెరిగింది. కొర్రమీను. ఇక్కడ కొర్రమట్ట అంటారు. దాని పక్కల మీద నలుపూ పసుపూ ఏటవాలు చారలుండేవి. అందుకని రత్నమ్మ దాన్ని పులిమట్ట అనేది. కిందటేడు అది అన్న గాలం మింగి, దారం తెంపుకుని పోయింది. ఆ గాలం దాని పెదవికి ఇంకా ఉందని అన్న చెప్పేవాడు. ఈ ఎండాకాలం దాన్ని పట్టకుండా వదలనని వదినతో పందెం కూడా వేశాడు.

మొదటి ఆదివారం నన్ను రాతి మీద పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"కొర్రమీను మిగతా చేపల మాదిరి కాదు పాపా. దానికి నీళ్లలో గాలి చాలదు. పైకొచ్చి మింగిపోవాల. వచ్చినప్పుడు గుబుక్కంటాది. యాడ వినపడితే ఆడికి కప్పనెయ్యాల. దీనికి కండ్లతో పని ల్యా. కండ్లు మూసుకో. చెవులుంటే చాలు."

ఇద్దరం కళ్లు మూసుకున్నాం. దూరంగా ఎక్కడో పావురాలు కువకువలాడుతున్నాయి. చాలాసేపటికి నా ఎడమ చేతి వైపు, రాతి కింద నీడలో, ఎవరో బిందెను నీళ్లలో ముంచినట్టు వినిపించింది.

గుబుక్.

కళ్లు తెరిచాను. నీళ్లలో వలయాలు పెద్దవవుతున్నాయి. అన్న వైపు చూశాను. అన్న కళ్లు మూసుకునే ఉన్నాడు. మొహం మీద చిన్న నవ్వు.

"ఇంగా రాల్యా," అన్నాడు. "అది తెలివైంది. ఓపిక పట్టల్ల."

చేపను కాసేపు నమ్మించాలని ఊరుకున్నాడేమో అనుకున్నాను. నాకు తెలియని కిటుకేదో ఉందనుకున్నాను. కానీ తర్వాత అది మళ్లీ వచ్చింది, ఈసారి ఇంకా దగ్గరగా. అన్న బీడీకి అగ్గిపుల్ల గీస్తున్నాడు. తల తిప్పలేదు.

మూడోసారి వచ్చినప్పుడు నేను అతని ఎడమ భుజం మీద చెయ్యి వేశాను. అన్న వెంటనే ఎడమ వైపు చూశాడు. వలయాలు కనిపించాయి. కప్ప గుచ్చిన గాలాన్ని సరిగ్గా అక్కడికే విసిరాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను నీళ్ల వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆ రోజు చేప చిక్కలేదు. కానీ అప్పటి నుంచి ప్రతి ఆదివారం నేను లేకుండా అన్న గుండ్లకుంటకు వెళ్లలేదు. ఎడమ వైపు వినిపిస్తే ఎడమ భుజం, కుడి వైపైతే కుడి భుజం. ఎదురుగా అయితే వీపు మీద వేలితో ఒక పోటు. దాని గురించి మా ఇద్దరి మధ్యా ఒక్క మాట కూడా నడవలేదు.

*

చూడడం మొదలుపెడితే అన్నీ కనిపిస్తాయి. అన్న ఎదుటివాళ్ల కళ్లను కాకుండా నోటిని చూస్తున్నాడు. రేడియో పక్కనే ఉన్నా దాన్ని పెట్టడం మానేశాడు. నవ్వులాటలో అందరికంటే కొంచెం ఆలస్యంగా నవ్వుతున్నాడు. రత్నమ్మ వెనక నుంచి పిలిస్తే పలకడు. "సీమోనికి పొగరెక్కింది," అని ఆమె గొణుక్కునేది.

ఉగాది అయిన కొన్నాళ్లకు అన్న, "మధ్యాన్నం కూడు నువ్వే తీస్కరా పాపా. సద్ది తినలేకున్యా," అన్నాడు. అన్నం కోసమే పిలిచాడనుకుని, క్యారియర్ తీసుకుని బస్సులో వెళ్లేదాన్ని.

బండలు పేల్చేది మధ్యాహ్నం అన్నాల వేళకే. కూలీలందరూ పక్కకు పోయిన తర్వాత వత్తులు అంటిస్తారు. అన్న మూడు పొట్టి ఈలలు ఊదితే అందరూ దూరంగా నక్కాలి. బండకు తొలిచిన ఎన్ని బెజ్జాల్లో మందు తోటాలు పెట్టారో అన్ని పేలుళ్లు వినిపించాలి. వత్తులు ఒకదాని తర్వాత ఒకటి కాలతాయి కాబట్టి పేలుళ్లు కూడా ఒకటొకటిగానే వస్తాయి. లెక్క సరిపోతే అన్న పొడుగు ఈల ఊదుతాడు. ఆ ఈల వినిపించాకే మనుషులు గునపాలతో బండ మీదికి వెళతారు. పేలని తోటా ఒక్కటి రాతిలో మిగిలి ఉంటే, దాని మీద ఎవరి గునపమైనా పడితే, ఇక ఆ మనిషి ఉండడు.

అందుకే ఆ రోడ్డు మీద అన్నిటికంటే పెద్ద వస్తువు అన్న మెడలో నల్ల దారానికి వేలాడే ఈల.

బండ చాటున నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "నువ్వూ లెక్కబెట్టు, చూద్దాం," అన్నాడు ఆట లాగా. నేను వేళ్లు ముడుచుకుంటూ లెక్కపెట్టాను. ఆఖరి పేలుడు తర్వాత రాళ్లు పడడం ఆగింది. అన్న ఈల ఊదలేదు. నా చేతి వైపు చూశాడు. చూసిన తర్వాత ఊదాడు.

రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే.

అన్నతో కలిసి పనిచేసే సుబ్బరాయుడు మా పక్క ఊరివాడే. పొట్టి మనిషి. నోరు ఊరుకోదు. బండ పేలగానే గునపం తీసుకుని మొదట ఎక్కేది అతనే. ఒకరోజు అన్నాలు తింటూ మా కడప వైపు ముగ్గురాళ్ల గని సంగతి ఎత్తాడు. ఇద్దరూ మందు పని అక్కడే నేర్చుకున్నారు.

"మన లక్ష్మీనారాయణ మామ యాడుండాడో తెల్సునా అన్నా? మ్యాకలు కాస్తాండాడు. చెవులు పోయినాయని మేనేజరుకు తెల్సిన రోజే బయటికి పంపినారు. చెవిటోడి చేతికి తోటా ఇస్తే మనమే పేలతాం గదా!"

అన్న మజ్జిగ కలుపుకుంటున్నాడు. తల వంచుకునే ఉన్నాడు. విన్నాడో, వినలేదో నాకు తెలియలేదు.

*

వైశాఖం మధ్యలో ఇంజనీరు భీమేశ్వరరావు గారు తొందరపెట్టడం మొదలుపెట్టారు. రాజమండ్రి వైపు మనిషి. కోపమొచ్చినా మర్యాదగానే మాట్లాడేవారు.

"వానలు పడేలోగా ఈ మలుపు దగ్గర బండ లేకుండా పోవాలయ్యా ఓబులేసూ. పైనుంచి నన్ను కాల్చుకు తింటున్నారు. అన్నట్టు ఈ అమ్మాయిని ఇక్కడ కూర్చోబెడతావేంటి? ఏమ్మా, భయం లేదూ?"

"లేదు సార్," అన్నాను.

"మా చెల్లెలు సార్. అన్నం తెస్తాది," అన్నాడు అన్న.

ఆ రోజు ఏడు బెజ్జాలు. వత్తులంటించి అన్నా సుబ్బరాయుడూ పరిగెత్తుకొచ్చారు. సుబ్బరాయుడు కొంచెం అవతల లారీ చాటున కూర్చున్నాడు. పేలుళ్లు మొదలయ్యాయి. మూడోదీ నాలుగోదీ దాదాపు కలిసి వచ్చాయి. ఒకదాని తోక మీద ఒకటి. అవి రెండా, లేక ఒకటీ దాని ప్రతిధ్వనీనా? తర్వాతవి లెక్కపెట్టాను. దుమ్ము పైకి లేచి తెల్లగా నిలబడింది.

అన్న నా చేతి వైపు చూశాడు.

రెండనుకుంటే ఏడు. ఒకటనుకుంటే ఆరు. నేను ఆరు వేళ్లు చూపించాను.

అన్న ఈల దగ్గరికి పోతున్న చెయ్యిని కిందికి దించాడు.

"ఏంది అన్నా, ఊదు!" సుబ్బరాయుడు లారీ చాటు నుంచి అరిచాడు. అన్న అతని నోరు చూశాడు.

"ఆరే పేలినాయి."

"ఏడు! నేను విన్యా గదా! రెండు కలిసొచ్చినాయి."

"ఆరే. ఎవురూ పోగూడదు."

భీమేశ్వరరావు గారు గొడుగేసుకుని వచ్చారు. మెషీన్లు ఆగిపోయాయి. కూలీలు ఎండలో నిలబడిపోయారు. "ఓబులేసూ, నిజమేనా? ఒకళ్లు ఏడంటున్నారు, నువ్వు ఆరంటున్నావు. పూట పోతుందయ్యా," అన్నారు.

"పోనీ సార్. పూటే గదా," అన్నాడు అన్న. అన్న గొంతు గట్టిగా ఉంది. ఎవరి మాట నమ్మి అతను ఇంతమందిని ఆపాడో అతనికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నాకేమో నా లెక్క మీద నాకే నమ్మకం లేదు.

పొద్దు వాలేదాకా ఎవరినీ కదలనివ్వలేదు. అప్పుడు అన్న ఒక్కడే వెళ్లి, గునపం లేకుండా, చేతులతో మట్టి తీస్తూ చూశాడు. మలుపు అంచున ఒక బెజ్జం పగలకుండా అలాగే ఉంది. వత్తి సగం కాలి ఆరిపోయింది. దాని పక్కనే పగిలిన పలక. రోజూ పొడుగు ఈల వినగానే సుబ్బరాయుడు మొదటి గునపం వేసే చోటు అది.

సుబ్బరాయుడు దాన్ని చూసి అక్కడే కూలబడ్డాడు. కాసేపటికి లేచి వచ్చి, అన్న చేతులు రెండూ పట్టుకుని తన కళ్లకు అద్దుకున్నాడు.

"నీ చెవులు బంగారం అన్నా," అన్నాడు ఏడుస్తూ. "అందరం ఏడంటే నువ్వొక్కడివే విన్యావు. నా పిల్లోల్లు నీ చెవుల పేరు చెప్పుకుని బతుకుతారు."

కూలీలందరూ చుట్టూ చేరారు. భీమేశ్వరరావు గారు అన్న భుజం తట్టి, "నార్సింగి వైపు వచ్చే పని మొదలైతే మందు పనంతా నీ చేతికే ఇప్పిస్తాను. నీలాంటి చెవి ఈ చుట్టుపక్కల ఎవరికీ లేదు," అన్నారు.

అన్న అందరి నోళ్లూ చూస్తున్నాడు. ఒకేసారి ఇన్ని నోళ్లు కదులుతుంటే ఏ నోటిని చూడాలో అతనికి తెలియలేదు. కొంచెం ఆలస్యంగా నవ్వాడు.

*

మర్నాడు సాయంత్రం సుబ్బరాయుడు జిలేబీ పొట్లంతో మా గదికి వచ్చాడు. రత్నమ్మ కూడా వచ్చి గడపలో కూర్చుంది. సుబ్బరాయుడు జరిగింది మళ్లీ మొత్తం చెప్పాడు. ఈసారి అన్న చెవులు ఇంకా పెద్దవయ్యాయి.

"నార్సింగి పని వస్తే ఇంత చిన్న గదిలో ఎందుకుంటారు వదినా? ఇల్లు తీస్కోండి. సుష్మను తెచ్చుకోండి," అన్నాడు.

సుష్మ అన్న కూతురు. చిన్న గది, ఇద్దరికీ పనులు, దగ్గర్లో బడి లేదని ఊర్లో అమ్మమ్మ దగ్గర ఉంచారు. ఆ ఏడు బళ్లు తెరిచేలోగా తెచ్చుకోవాలన్నది వదిన లక్ష్మీదేవి ఒకే ఒక్క కోరిక. పాపకని కొన్న రెండు గౌన్లు ట్రంకు పెట్టెలో మడతపెట్టి ఉండేవి. అప్పుడప్పుడూ తీసి కొలత చూసి, "సరిపోతాయో, పొట్టయిపోతాయో," అనుకునేది.

సుష్మ పేరు వినగానే వదిన నవ్వుతుందనుకున్నాను. వదిన స్టవ్ దగ్గరున్న ఇత్తడి మూత తీసుకుని, అన్న వీపు వెనక, కావాలని నేల మీద వదిలింది.

గది దద్దరిల్లింది. రత్నమ్మ ఉలిక్కిపడి, "ఏంది పిల్లా, జర మెల్లగ!" అంది. సుబ్బరాయుడి చేతిలో జిలేబీ జారింది.

అన్న నింపాదిగా జిలేబీ తింటున్నాడు. అందరూ తన వెనక్కి చూస్తున్నారని గమనించి, అప్పుడు తిరిగి చూశాడు.

సుబ్బరాయుడు మూతను చూశాడు. అన్నను చూశాడు. వెళ్లేటప్పుడు చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది.

వాళ్లు పోయాక బోరింగు దగ్గర బిందె నింపుతూ వదిన నన్ను అడిగింది.

"నీకు ఎప్పుడు తెల్సింది?"

"వచ్చిన మొదటి ఆదివారం. నీకు?"

"పోయినేడు. నేను ఏడుస్తాండా, పక్కనే పండుకోని ఉండాడు. తిరగల్యా. మొదట కోపమొచ్చె. తర్వాత తెలిసె." బోరింగు కొట్టడం ఆపింది. "అప్పట్నుంచి ముట్టుకోకుండా మాట్లాడలేదు. నువ్వు అడివిలో భుజం ముడతాండావు, నేను ఇంట్లో ముడతాండా. మనిద్దరం ఇట్ట కాపుకాస్తాంటే ఆ మనిషి నోరు తెరిచి ఎప్పుడు చెప్పుకుంటాడు శిరీషా? ఎవుడన్నా చచ్చినాకనా?"

"మరి సుష్మ..."

వదిన బిందె చంకకెత్తుకుంది. "సుబ్బరాయునికీ పిల్లోల్లు ఉండారు," అంది.

*

ఆ ఆదివారం గుండ్లకుంట దగ్గర అన్న గాలం విప్పలేదు. రాతి మీద కూర్చుని, మెడలోంచి ఈల తీసి పక్కన పెట్టాడు.

"పాపా, నువ్వు ఆ రాతి మీద కూచ్చో. నాకు ఎదురుగా వద్దు. నన్ను ముట్టాకు. చేప ఊపిరికి వచ్చినప్పుడల్లా నేను చెయ్యెత్తుతా. నువ్వు లెక్కబెట్టు. అదెన్నిసార్లొచ్చె, నేనెన్నిసార్లు ఎత్తితి. నీడ ఆ చీలిక కాడికి వచ్చేదాకా."

వెళ్లి కూర్చున్నాను. అన్న కళ్లు మూసుకుని, తలను కొంచెం పక్కకు వంచి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. పరీక్ష హాల్లో కూర్చున్న పిల్లవాడిలా ఉన్నాడు.

గుబుక్. అన్న కదల్లేదు.

ఎండ రాతి మీద జరిగింది. నీళ్ల మీద తూనీగలు. అన్న చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యిని కాసేపు అలాగే ఉంచాడు. కుంట అద్దంలా ఉంది. చేప రాలేదు.

గుబుక్. అతని కాళ్లకు బారెడు దూరంలో. నీళ్లు చిమ్మాయి కూడా. అతను వింటూనే ఉన్నాడు. ఏం వింటున్నాడో నాకు తెలియదు.

నీడ చీలిక దగ్గరికి వచ్చేదాకా అట్లాగే గడిచింది. నేను దిగి వచ్చి అతని ఎదురుగా కూర్చున్నాను.

"ఎన్నిసార్లొచ్చె?"

"అయిదు సార్లు."

"నేనెన్ని?"

అబద్ధం నోటి దాకా వచ్చింది. అయిదంటే సరిపోయేది. మూడన్నా సరిపోయేది. కానీ అన్న నా నోటినే చూస్తున్నాడు.

"రెండుసార్లు ఎత్తినావన్నా. ఆ రెండుసార్లూ చేప రాల్యా."

అన్న తల ఊపాడు.

"పేలినప్పుడు నేల అదిరేది కాళ్లకు తెలుస్తాది," అన్నాడు తర్వాత. "కానీ ఒకటో, రెండో తెల్యదు. ఆ పొద్దు నువ్వు ఏడు చూపించింటే ఏడుకే ఊదింటా."

సద్ది తిన్నాం. గాలపు కర్రలు కట్టేసుకున్నాం. బండల సందులో దూరేముందు అన్న ఈల మర్చిపోయాడేమోనని వెనక్కి చూశాను. దాన్ని పిడికిట్లో పట్టుకుని ఉన్నాడు.

*

సోమవారం అన్నంతో నేను వెళ్లేసరికి ఈల సుబ్బరాయుడి మెడలో ఉంది. భీమేశ్వరరావు గారు నన్ను పక్కకు పిలిచారు.

"మీ అన్నయ్య తనంతట తనే వచ్చి చెప్పాడమ్మా. నేను కనిపెట్టలేకపోయాను. ఇంతకాలం... ఆ రోజు ఆరని చెప్పింది నువ్వేనా?"

"అవును సార్."

ఆయన గొడుగు మూసి, మళ్లీ తెరిచారు. "రాళ్లు చెక్కే పనిలో పెడతాను. కూలి తక్కువే. నేను అంతకంటే చెయ్యలేనండి," అన్నారు. నాతో 'అండి' అని ఆయన అనడం అదే మొదటిసారి.

రోడ్డు పక్క గోడకు రాళ్లు చెక్కేవాళ్ల వరుసలో, చివరన, అన్న సుత్తీ ఉలీ పట్టుకుని కూర్చున్నాడు. మూడు పొట్టి ఈలలు వినిపించాయి. అందరూ లేచి పరిగెత్తారు. అన్న తల వంచుకుని చెక్కుతూనే ఉన్నాడు. నేను వెళ్లేలోపే సుబ్బరాయుడు ఆ చివర నుంచి ఈ చివరకు పరిగెత్తుకొచ్చి, అన్న భుజం ముట్టుకుని, చెయ్యి పట్టుకుని లేపి తీసుకుపోయాడు. ఆ రోడ్డు పని అయ్యేదాకా ఈల ఊదిన తర్వాత అతను చేసే మొదటి పని అదే.

ఆ ఏడు సుష్మ రాలేదు. వదిన గౌన్లు ఊరికి పంపించింది. నేను ఊరికి తిరిగి పోలేదు. మాదాపూర్‌లో ఎస్టీడీ బూత్‌లో కూర్చోవడానికి ఆడపిల్ల కావాలంటే చేరాను. వచ్చే ఏడైనా సుష్మను తెచ్చుకోవచ్చని ముగ్గురం అనుకున్నాం, కానీ పైకి అనలేదు.

*

మిరుగు కార్తె వానలు పడ్డాక ఒక ఆదివారం అన్న కర్రలు ముట్టుకోలేదు. గాలం కట్టిన నైలాన్ తంగూసు దారం ఒక్కటే తీసుకున్నాడు. కుంట దగ్గర దాన్ని చూపుడు వేలికి చుట్టుకుని, కప్పను నీళ్లలో వదిలి, కళ్లు మూసుకున్నాడు. నేను అలవాటుగా వెనక కూర్చున్నాను.

కుడి వైపు చేప వచ్చింది. నా చెయ్యి లేచింది. అన్న భుజం దాకా పోయి ఆగిపోయింది. ఎందుకో ముట్టలేదు.

అన్న వేలు మెల్లగా నిటారైంది. దారం ఇంకా వదులుగానే ఉంది. ఏదో వచ్చి కప్పను మూతితో తాకి చూస్తున్నట్టుంది. అన్న ఊపిరి బిగబట్టాడు. వేలు ఒక్కసారి వంగింది. అప్పుడు లేచి నిలబడి లాగాడు.

చాలాసేపు పట్టింది. దారం కోసి అన్న చేతి నుంచి రక్తం కారింది. చివరికి రాతి మీదికి వచ్చిపడింది. నా చెయ్యంత పొడుగు. తడి రాతి మీద దాని చారలు మెరిశాయి. పై పెదవికి తుప్పు పట్టిన పాత గాలం ముక్క ఉంది. అన్న దాన్ని మెల్లగా ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

కొర్రమీను నీళ్లు లేకపోయినా తొందరగా చావదు. తడి గోనెలో చుట్టి బండల సందు దాటించాం. ఇంటి దగ్గర రత్నమ్మ గంగాళం నిండా నీళ్లు పోసి అందులో వదిలింది.

"అరే సీమోడా, వట్టినావురా!" అంది నోటి మీద చెయ్యి పెట్టుకుని. తర్వాత ఏం గుర్తొచ్చిందో లోపలికి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

వదిన కత్తిపీట, బూడిద తెచ్చి పెట్టుకుంది. అన్న గంగాళం పక్కన నేల మీద కూర్చున్నాడు. అరచేతిని గంగాళానికి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

నీళ్ల అడుగున చారలు కదిలాయి. చేప మెల్లగా పైకి వచ్చింది.

గుబుక్.

అన్న రెండో చేతి వేలు ఎత్తాడు.

వదిన నా వైపు చూసింది. నేను వెళ్లి అన్న వెనక నిలబడ్డాను. చేప అడుక్కి పోయి, గుండ్రంగా తిరిగి, మళ్లీ పైకి వచ్చింది. గుబుక్. అన్న వేలు లేచింది. మళ్లీ వచ్చింది. మళ్లీ లేచింది. ఒకసారి చేప సగం దాకా వచ్చి ఊపిరి తీయకుండానే కిందికి పోయింది. అన్న వేలు కదల్లేదు.

వదిన వెళ్లి అన్న మోకాలు ముట్టుకుంది. అతను కళ్లు తెరిచాక, నోరు కనిపించేలా మెల్లగా అడిగింది.

"కొయ్యనా?"

"రేపు కొయ్యి," అన్నాడు అన్న. మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

వదిన కత్తిపీట పక్కకు జరిపి అతని పక్కనే కూర్చుంది. కాసేపటికి తన అరచేయి కూడా గంగాళానికి ఆనించింది. నేను వెనక నుంచి లెక్కపెడుతూనే ఉన్నాను. చీకటి పడి, నీళ్లలో చారలు కనిపించడం మానేసే దాకా లెక్క తప్పలేదు.